పిల్లలతో సుస్థిర వ్యవసాయ క్షేత్రానికి ఒక రోజు: వెళ్ళివచ్చినవారి అనుభవాలు (చర్చ)

ప్రశ్న – ఇద్దరు పిల్లల తల్లి

సుస్థిర వ్యవసాయం చేస్తూ, ఆ పద్ధతులను సందర్శకులకు నేర్పే ఒక క్షేత్రానికి వచ్చే వారం కుటుంబమంతా వెళ్ళాలనుకుంటున్నాము. పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు మూడేళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు కూడా వస్తున్నారు. ఏవి తప్పక చూడాలో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో దయచేసి తెలియజేయగలరు.

స్పందన – రెండుసార్లు వెళ్ళిన తండ్రి

మొదటిసారి ఒక్కటీ వదలకూడదన్న ఆత్రంతో పశువుల పాక, తేనెపెట్టెలు, బిందుసేద్యం, బయోగ్యాస్ తొట్టి, నర్సరీ అన్నీ తిరిగాము గాని, ఇంటికి వచ్చాక అడిగితే మా అబ్బాయికి ట్రాక్టరు తప్ప మరేదీ గుర్తు లేదు. రెండవసారి కంపోస్టు కుప్ప దగ్గరే గంటకు పైగా గడిపాము. అక్కడ వివరించే ఆవిడ పొడవైన ఇనుపచువ్వను కుప్ప నడిమికి గుచ్చి, కొంతసేపటికి బయటికి లాగి, దాని మొనకు కాస్త ఎడంగా అరచేయి ఉంచి చూడమన్నారు. సెగ తగలగానే మావాడు చేయి వెనక్కి తీసుకుని, లోపల నిప్పు ఎవరు పెట్టారని అడిగాడు. సూక్ష్మజీవులు ఆకులను, పేడను కుళ్ళబెట్టేటప్పుడు ఆ వేడి పుడుతుందని, కుప్పను తిరగవేస్తూ 55 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కొన్ని రోజులు నిలిపితే కలుపు గింజలు, రోగక్రిములు చాలావరకు నశిస్తాయని ఆమె ఓపికగా చెప్పారు. నా మాట వినండి, రెండు మూడు చోట్లు ఎంచుకుని అక్కడే తీరికగా ఉండండి.

స్పందన – చేదు అనుభవం ఎదురైన తల్లి

మీ బాబుకు మూడేళ్ళే కాబట్టి ఇది రాస్తున్నాను. మేము వెళ్ళిన చోట మా పాప దూడలను నిమిరి, చేతులు కడుక్కోకుండానే బిస్కెట్లు తిన్నది; మూడు రోజులకు విరేచనాలు పట్టుకున్నాయి. కారణం అదేనని తేలలేదు గాని, పశువులను తాకిందా అని వైద్యులు ముందుగా అడిగారు. ఆరోగ్యంగా కనిపించే పశువుల పేడలో కూడా ప్రమాదకరమైన ఇ.కోలై అనే బాక్టీరియా ఉండవచ్చు, అయిదేళ్ళలోపు పిల్లలకు దానివల్ల ముప్పు ఎక్కువ. సబ్బుతో, పారే నీటితో కడగడమే సరైన పద్ధతి. మట్టి, పేడ అంటిన చేతులకు శానిటైజర్ చాలదు. పాల సీసాలు, తినుబండారాలు పాక దగ్గరికి తీసుకువెళ్ళకండి.

స్పందన – అటువంటి క్షేత్రంలో పనిచేస్తున్నవారు

పై సలహా అక్షరాలా నిజం. ఉదయమే రండి, మేత వేసే వేళ పశువులు చురుకుగా ఉంటాయి, కోళ్ళు కూడా ఎక్కువగా పొద్దుటిపూటే గుడ్లు పెడతాయి. మరో పొలంలో తొక్కిన మట్టి చెప్పులకు ఉంటే కడుక్కుని రండి, ఎందుకంటే పంట తెగుళ్ళు అలా కూడా చేరతాయి. చిక్కుడు జాతి మొక్కను ఒకదానిని వేళ్ళతో సహా తీసి చూపించమని అడగండి. వేళ్ళకున్న చిన్న బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తున్నదనడానికి అదే గుర్తు. ఒకే పొలంలో పంటలను మార్చి మార్చి వేసే పంట మార్పిడిలో చిక్కుడు జాతి మొక్కలను ఎందుకు చేరుస్తారో పిల్లలకు చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి సాధనం దొరకలేదు. అత్తగారి గురించి ముందే ఫోన్ చేసి చెప్పండి, నీడలో కూర్చుని ట్రేలలో విత్తనాలు నాటే పని ఏర్పాటు చేయగలరు.

తిరిగి – ఇద్దరు పిల్లల తల్లి

నిన్న వెళ్ళివచ్చాము, అందరికీ కృతజ్ఞతలు. అత్తగారు, బాబు నర్సరీలోనే ఉండిపోయి నాలుగు ట్రేలు నింపారు. పాప మాత్రం తడి వ్యర్థాలను ఎరువుగా మార్చే వానపాముల తొట్టిని వదలలేదు, మా ఇంట్లోనూ అటువంటిది పెట్టాలని పట్టుబట్టింది. తడి వ్యర్థాలు ఎక్కువైతే వాసన వస్తుందని విన్నాను. మొదలుపెట్టే ముందు ఏమి చేయాలి?

స్పందన – క్షేత్రంలో పనిచేస్తున్నవారు

అడుగున రంధ్రాలున్న పెట్టె తీసుకోండి. చింపిన కాగితం, ఎండుటాకులు తడిపి, పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే వచ్చేంత తేమతో పరవండి. అందులో వానపాములను వదిలి, వంటింటి తొక్కలు మొదట్లో గుప్పెడు మాత్రమే వేసి, వానపాములు వాటిని తిన్నాకే మళ్ళీ వేయండి.