చేప లేకుండా, పొయ్యి వెలిగించకుండా చేపల పులుసు: ముక్కకు ఏం వాడాలి?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
అందరికీ నమస్కారం. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య రా వీగన్ పద్ధతిలోకి మారాడు. మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏదీ ముట్టడు. పైగా తినేది ఏదైనా 42 డిగ్రీలు దాటి వేడెక్కకూడదట. కొందరు 48 దాకా ఒప్పుకుంటారని కూడా వాడే చెప్పాడు. వచ్చే నెల వారం సెలవు పెట్టి ఇంటికి వస్తున్నాడు. మా ఇంట్లో ఆదివారం అంటే బొచ్చె పులుసు, రాగండి వేపుడు. వాళ్ల నాన్న వాటిని మానుకునే మనిషి కాదు. చిన్నప్పుడు పులుసు గిన్నె దగ్గర నుంచి కదలని పిల్లవాడు ఇప్పుడు పక్కన కూర్చుని కీరదోస ముక్కలు నములుతుంటే చూడటం నా వల్ల కాదు.

వాడి నియమం చెడకుండా పులుసు, వేపుడు, పొరటు, వీటికి దగ్గరగా ఉండేవి ఏమైనా చేయవచ్చా? ఎక్కడ చూసినా సముద్రపు నాచు వేయమంటున్నారు. కర్నూలులో అది ఎక్కడ వెతకాలి? తక్కువ వేడితో తిండిని ఆరబెట్టే డీహైడ్రేటర్ యంత్రం లేదు. మిక్సీ, ఫ్రిజ్, మిద్దె మీద కావలసినంత ఎండ ఉన్నాయి.

పాత పోపుపెట్టె (ఆదోని):
తప్పుగా అనుకోవద్దమ్మా. చేప వద్దనుకున్నవాడికి చేప వేషం కట్టిన కూరగాయ ఎందుకు? కొబ్బరి, పండ్లు, మొలకలు పెట్టండి. హాయిగా తింటాడు.

పచ్చడి జాడీ (కడప):
పెద్దవారి మాటలో సగం నిజం ఉంది. కానీ ఆమె అడిగింది కొడుకు కడుపు నింపడం గురించి కాదు, ఆదివారం పంక్తిలో వాడికి చోటు గురించి. కాబట్టి చెబుతాను అక్కా.

ముందుగా ఒక మాట. చేప రుచి అని మనం అనుకునేదానిలో పెద్ద వాటా పులుసుది. చింతపండు, వెల్లుల్లి, ధనియాలు, చిటికెడు మెంతులు, పైన తేలే నూనె. ముక్క దాన్ని పీల్చుకుని మెత్తగా విరగాలి, అంతే. అందుకని మీ శ్రమలో ముప్పాతిక భాగం పులుసు మీద పెట్టండి. చాలామంది ముక్కతో కుస్తీ పట్టి పులుసును గాలికి వదిలేస్తారు. అప్పుడు అది చప్పటి సలాడ్ అవుతుంది.

ముక్కకు నా ఓటు బూడిద గుమ్మడికాయకే. చెక్కు, గింజలు తీసి అర అంగుళం మందాన వెడల్పు ముక్కలు కోయండి. ఉప్పు, నిమ్మరసం రాసి జల్లెడ పళ్లెంలో పరచి, పైన బరువు పెట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. నీరంతా దిగిపోయి ముక్క వంగేటట్టు, కొంచెం పారదర్శకంగా తయారవుతుంది. దానికి సొంత రుచి దాదాపు లేదు. కూరగాయగా అది లోపమే కానీ ఇక్కడ మనకు కావలసింది అదే. బూడిద గుమ్మడిని పచ్చిగా రసం తీసి తాగేవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి పచ్చిది పడుతుందా అనే బెంగ అక్కర్లేదు.

లేత కొబ్బరి కూడా బాగుంటుంది. బోండాల బండి దగ్గర మరీ మీగడలా ఉన్నది కాకుండా కాస్త ముదిరిన కాయ కొట్టించుకోండి. అయితే ముందే చెబుతున్నాను, అది నమిలితే సాగే రకం. సముద్రపు కణవలు (స్క్విడ్) తిన్నవాళ్లకు నచ్చుతుంది. బొచ్చె తిన్న నోటికి పరాయిగా ఉంటుంది.

ఇక పులుసు. ఇది ఇద్దరికి సరిపోతుంది. నిమ్మకాయంత చింతపండు కడిగి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి చిక్కగా పిండండి. ఒక చెంచా ధనియాలు, పావు చెంచా మెంతులు, నాలుగు ఎండుమిరపకాయలు, అర చెంచా జీలకర్ర ముందు రాత్రే నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. మెంతులు పావు చెంచా దాటితే పచ్చిలో చేదు ఎక్కువగా తెలుస్తుంది. పొద్దున వీటిని ఐదారు వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క, సగం ఉల్లిపాయ, ఒక టమాటా, రెండు చెంచాల పచ్చికొబ్బరితో మెత్తగా రుబ్బండి. ఉడకని పులుసు చిక్కబడదు కదా, అందుకు ఒక చెంచా అవిసె గింజల పొడి నీళ్లలో కలిపి పావుగంట ఉంచితే జిగురుగా అవుతుంది. అది కలపండి. చేపల పులుసు చల్లారాక పట్టే ఆ చిక్కదనం దీనితో చాలావరకు వస్తుంది. మిగిలిన సగం ఉల్లిపాయ సన్నగా తరిగి ఉప్పుతో నలిపి కలపండి. పైన రెండు చెంచాల గానుగ వేరుశనగ నూనె, కరివేపాకు, కొత్తిమీర కాడలు.

ముక్కలు వేసి మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో వదిలేయండి. చేపల పులుసు మర్నాడే బాగుంటుందని మనకు తెలిసిందే, దీనికీ అదే న్యాయం. తినేముందు గిన్నెను వేడినీళ్ల పళ్లెంలో నిలబెట్టి కలుపుతూ ఉండండి. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. వేలు పెడితే కాస్త వెచ్చగా అనిపించగానే తీసేస్తే 42 దాటదు. వంట థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది.

పోపు ఎలాగని అడుగుతారేమో. ఆవాలు వేయించకుండా పచ్చివే దంచి చిటికెడు ఆవపిండి కలపండి. ఆవకాయకు పొయ్యి వెలిగించామా ఎప్పుడైనా?

మిద్దెతోట (కర్నూలు):
నాచు సంగతి. నోరి అని పలుచని నల్లటి రేకులుగా దొరుకుతుంది. పెద్ద సూపర్ మార్కెట్లలో దిగుమతి సరుకుల అరలో చూడండి, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. అట్ట మీద చదివి తీసుకోవాలి. ఎక్కువగా దొరికేది కాల్చిన రకం, అది మీ అబ్బాయి నియమానికి సరిపోదు. కాల్చనిది విడిగా అమ్ముతారు. కత్తెరతో ముక్కలు చేసి మిక్సీలో పొడి కొట్టి ఉంచుకుంటే ఒక చెంచా చాలు.

అయినా నాచు వాసన సముద్రపు వాసన. మన నాలుక తుంగభద్ర చేపకు, చెరువు చేపకు అలవాటు పడింది. మంచినీటి చేపలో ఒక్కోసారి వచ్చే మట్టి వాసనకు కారణం జియోస్మిన్ అనే పదార్థం. బీట్‌రూట్‌కు ఆ మట్టి వాసన ఇచ్చేదీ అదే. కాబట్టి పచ్చి బీట్‌రూట్ వేలి గోరంత తురిమి పులుసులో కలిపి చూడండి. నాచు కంటే ఇదే మన ఊరి చేపను గుర్తుకు తెస్తుంది. ఎక్కువైతే పులుసు ఎర్రబడి గుట్టు రట్టవుతుంది.

గానుగ మనిషి (అనంతపురం):
పొరటు గురించి ఎవరూ చెప్పలేదు. నిజానికి మూడింటిలో బాగా కుదిరేది అదే. పొట్టు తీసిన పొద్దుతిరుగుడు గింజలు ఒక కప్పు, పచ్చి వేరుశనగ గింజలు పావు కప్పు విడివిడిగా నానబెట్టండి. వేరుశనగలో నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు వాసన ఉన్నవి ఏరి పారేయాలి, ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. మా జిల్లా పంట కాబట్టి నేను పక్షపాతంతో ఎక్కువ వేయమంటానని అనుకోకండి. పావు కప్పు దాటితే పచ్చి చిక్కుడు వాసన ముందుకు వస్తుంది.

నీళ్లు పూర్తిగా వడకట్టి, చుక్క నీరు పోయకుండా మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ముద్ద కాకూడదు, పొరలు పొరలుగా విడిపోవాలి. నానిన పొద్దుతిరుగుడు గింజ బూడిదరంగు తెలుపులో ఉంటుంది కాబట్టి చూపుకు కూడా సరిపోతుంది. అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరప, అల్లం, కొత్తిమీర, ఉప్పు, నిమ్మరసం, కొంచెం నోరి పొడి కలపండి. వంటసోడా మాత్రం దగ్గరకు రానివ్వకండి. ఈ గింజలు సోడా తగిలితే ఆకుపచ్చగా మారతాయి. పైన నూనె చుక్కలు వేసి కలిపితే రాగి సంగటి మీద పెట్టుకుని నేనే తినేస్తాను. సంగటి ఉడికింది కాబట్టి మీ వాడికి కుదరదు, లెట్యూస్ ఆకులో చుట్టి ఇవ్వండి.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
ఎంత ఓపికగా చెప్పారండీ! నిన్న మచ్చుకు బూడిద గుమ్మడి పులుసు చేసి చూశాను. రుచి ఆశ్చర్యంగా ఉంది, కానీ మూడు గంటలయ్యాక ముక్కలు మళ్లీ నీరు వదిలి పులుసు పలచబడింది. ఏం చేయాలి? ఇంకొకటి, వేపుడుకు మామూలుగా మా అత్తగారు శాకాహారులకు చేమదుంప, కంద ముక్కలు చేప మసాలా పట్టించి చేసేవారు. వాటినే పచ్చిగా ఎండబెట్టవచ్చా?

పచ్చడి జాడీ (కడప):
వద్దు, వద్దు! చేమదుంప, కంద పచ్చిగా తినకూడదు. వాటిలో సూదుల్లాంటి ఆగ్జలేట్ స్ఫటికాలు ఉంటాయి. నోరు, గొంతు దురదపెట్టి వాస్తాయి. కర్రపెండలం పచ్చిది అసలే విషం, అందులో సైనైడ్ తయారవుతుంది. రాజ్మా కూడా ఉడకకుండా పనికిరాదు. పెరట్లో మొలిచిన పుట్టగొడుగుల గురించి వేరే చెప్పాలా? అరటికాయ ప్రమాదం కాదు గానీ పచ్చిది వగరు, వేపుడుకు వాడితే నోరు పట్టేస్తుంది.

నీటి సంగతి. ఉప్పు పెట్టి బరువు పెట్టాక ఆగిపోకండి. ముక్కలను పొడిగుడ్డలో పరచి మెల్లగా అదిమి, తర్వాత ఒక గంట మిద్దె మీద నీడపట్టున గాలికి ఆరనివ్వండి. దిగిన నీటిని పారబోయకుండా చింతపండు నానబెట్టడానికి వాడండి. అప్పుడు పులుసులో విడిగా నీళ్లు పోయాల్సిన అవసరం ఉండదు, ఉప్పు మాత్రం చూసి వేయండి. పులుసును మామూలు కంటే ఒక పాలు చిక్కగా కలిపితే లెక్క సరిపోతుంది.

వేపుడుకు: దోర బొప్పాయి. అనంతపురం వైపు నుంచి కావలసినంత వస్తుంది. పండీ పండనిది, కోస్తే కత్తికి కొంచెం ఎదురు తిరిగేది కావాలి. పలుచని ముక్కలకు కారం, ఉప్పు, ధనియాల పొడి, వెల్లుల్లి, వాము, నిమ్మరసం, నూనె కలిపిన ముద్ద పట్టించి ఎండబెట్టండి. అంచులు ముడుచుకుని లోపల మెత్తగా ఉండగా తీసేయాలి. కరకరలాడుతుందని మాత్రం ఆశపడవద్దు. నూనెలో వేగిన చేపకు పచ్చి తిండిలో బదులు లేదు, ఉందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. పుచ్చకాయ ముక్కను చేపలా చేసిన ఫొటోలు కనిపిస్తాయి చూడండి, వాటిలో చాలావరకు ఓవెన్‌లో కాల్చినవి.

మిద్దెతోట (కర్నూలు):
ఎండ గురించి హెచ్చరిక. మన వేసవిలో గాలే 42 దాటుతుంది. సిమెంటు మిద్దె నేల కాలు పెట్టనివ్వదు, అది 50 పైమాటే. నేల మీద పళ్లెం పెడితే నియమం అక్కడే చెడింది. మంచం మీదో, బల్ల మీదో ఎత్తుగా పెట్టి పలుచని గుడ్డ కప్పండి. బొప్పాయి ముక్కకు ఫరవాలేదు గానీ గింజల ముద్దను మాత్రం ఎండలో పెట్టవద్దు. తడి గింజల ముద్దను ఆ వెచ్చదనంలో గంటలకొద్దీ ఉంచితే సూక్ష్మజీవులకు విందు భోజనమే. నానబెట్టడం ఫ్రిజ్‌లోనే, తినడం ఆ రోజే.

పాత పోపుపెట్టె (ఆదోని):
ఇంత చదివాక నాకూ ఆ పొరటు తినాలని ఉంది. ఒక సందేహం. అబ్బాయి అంత నిష్ఠగా ఉంటే పసుపు, బెల్లం మాటేమిటి?

పచ్చడి జాడీ (కడప):
మంచి ప్రశ్న సార్. మా కడప పసుపు మార్కెట్‌కు వచ్చే కొమ్ములు ఉడకబెట్టి ఎండబెట్టినవే, పసుపు తయారీ పద్ధతే అది. నిష్ఠగా ఉండేవాళ్లు పచ్చి పసుపు కొమ్ము తురుముకోవాలి. బెల్లం కాచి చేసిందే, బదులు ఖర్జూరం వేయండి. పచ్చిదని అమ్మే జీడిపప్పు కూడా గింజ ఒలిచే ముందు వేడి తగిలినదే. అక్కా, ఇవన్నీ అబ్బాయిని అడిగి తేల్చుకోండి. కొందరు పట్టించుకుంటారు, కొందరు చిటికెడు పసుపుకు ఏమవుతుందిలే అంటారు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి అడగండి. చేప మానేసినవాళ్లకు బి12, అయొడిన్, ఒమేగా 3 ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసుకోవాలి. బి12 మొక్కల తిండిలో నమ్మదగ్గట్టుగా దొరకదు, నాచు మీద ఆధారపడకూడదు, మాత్ర వేసుకోవాలి. ఈ పద్ధతిలోకి వెళ్లినవాళ్లు చాలామంది మామూలు ఉప్పు మాని సైంధవ లవణం వాడతారు. అంటే చేపతో పాటు అయొడిన్ ఉప్పు కూడా పోయినట్టే. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయొడిన్ కావాలి. అలాగని నాచు గుప్పిళ్లకొద్దీ తినకూడదు. కొంబు లాంటి మందపాటి రకాల్లో అయొడిన్ విపరీతంగా ఉంటుంది, థైరాయిడ్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టవద్దు. అవిసె గింజల్లో ఒమేగా 3 ఉంది గానీ చేపలోని రకంగా మన ఒంట్లో మారేది కొద్దిగానే. ఆల్గే (నాచు జాతి) నూనె గొట్టం మాత్రలు దొరుకుతాయి, వాటిలో వీగన్ రకాలు ఉన్నాయి.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
ఉప్పు సంగతి నిన్నే ఫోనులో అడిగాను. మీరన్నట్టే సైంధవ లవణం వాడుతున్నాడు! బి12 మాత్ర మాత్రం వేసుకుంటున్నాడట. గుడ్డలో అదిమిన ముక్కలతో పులుసు ఈసారి నిలబడింది. బీట్‌రూట్ తురుము కలిపాక మావారు గిన్నె మూత తీసి ఏ చేప అని అడిగారు. చివరి సందేహం. వాడు తిరిగి వెళ్లేటప్పుడు రాత్రి బస్సులో డబ్బా కట్టి ఇవ్వవచ్చా?

గానుగ మనిషి (అనంతపురం):
ఉడకని పులుసు, నానిన గింజలు రాత్రంతా బస్సులో వద్దమ్మా. ఐసు పెట్టెలో పెట్టి పంపితే తప్ప నమ్మలేం. దానికి బదులు ధనియాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిరప వేయించకుండా కొట్టిన పొడి ఒక సీసా, అవిసె పొడి ఒకటి, నోరి పొడి ఒకటి, గింజ తీసిన చింతపండు, గానుగ నూనె ఇచ్చి పంపండి. బూడిద గుమ్మడి బెంగళూరులో ఏ వీధిలోనైనా దొరుకుతుంది.