హెల్మెట్ లోపలికి ఎలాంటి చలువ కళ్లద్దాలు? కణతల నొప్పి, జారుడు, పోలరైజ్డ్ సందేహం

బాటసారి:
నాది ఫుల్‌ఫేస్ హెల్మెట్, తెల్ల వైజర్ (ముఖం ముందు దిగే పారదర్శక రేకు). పగటి ఎండలో చలువ కళ్లద్దాలు లేకుండా బండి నడపడం కష్టంగా ఉంది. ఇప్పుడున్న జత మామూలుగా పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది గానీ హెల్మెట్ లోపల అరగంటకే కణతలు పీకేస్తున్నాయి. పైగా కిందికి జారి, ఫ్రేము పై అంచు చూపుకు అడ్డం వస్తోంది. కొత్తది కొనాలంటే ఏమేం చూడాలి? పోలరైజ్డ్ (మెరుపును తగ్గించే అద్దం) తీసుకోమని కొందరు, అసలు వద్దని కొందరు. పోనీ, వైజర్‌నే నల్లది వేసుకుంటే సరిపోతుందా?

మడ్‌గార్డ్:
అద్దం రంగు సంగతి తరవాత, ముందు కాడల సంగతి తేల్చుకోండి. సరిపోయే హెల్మెట్ చెంపలనీ కణతలనీ బిగుతుగానే పట్టుకుంటుంది, అలా పట్టుకోవాలి కూడా. ఆ పట్టు మధ్యలోకి కాడ దూరితే ప్యాడ్ దాన్ని తలకేసి నొక్కుతుంది. కాడ ఎంత మందంగా ఉంటే కణత మీద అంత ఒత్తిడి. మందం అంటే తలకూ ప్యాడ్‌కూ మధ్య అది ఆక్రమించే చోటు, పైనుంచి కిందికి ఉండే వెడల్పు కాదు. వెడల్పు కొంచెం ఎక్కువున్నా నష్టం లేదు, ఒత్తిడి పరుచుకుంటుంది. 2–3 మిల్లీమీటర్ల మందంతో రేకులా బల్లపరుపుగా ఉన్న కాడ మేలు. లావాటి గుండ్రని కాడలు, పక్కన ఉబ్బెత్తు లోగో ఉన్నవి, కీలు దగ్గర బయటికి పొడుచుకొచ్చినవి చేతిలోకి కూడా తీసుకోకండి.

రెండోది కాడ చివర. చెవి వెనక్కి కొక్కెంలా వంగిన కాడ ఈ పనికి రాదు. హెల్మెట్ పెట్టుకున్నాక కాడను ముందునుంచి లోపలికి తోయాలి కదా, వంపు ఉంటే అది లైనింగ్‌కి తగులుకుంటుంది, లేదా చెవిని మడిచేస్తుంది. చివరిదాకా తిన్నగా పోయే కాడ కావాలి. పొడవునా రబ్బరు పట్టీ ఉన్న స్పోర్ట్స్ రకాలు పరుగెత్తడానికి బాగుంటాయి, ఇక్కడ మాత్రం ఆ రబ్బరు ప్యాడ్ గుడ్డను పట్టేసి కదలదు. జారకుండా పట్టే పని ప్యాడ్లే చేస్తాయి కాబట్టి రబ్బరుతో అవసరమూ లేదు.

మీ కళ్లద్దాలు కిందికి రావడానికి నుదుటి ప్యాడ్ కారణం కావచ్చు: అది కిందికంటా ఉంటే ఫ్రేము పై అంచును నెట్టేస్తుంది. లేదా కాడలు ఏటవాలుగా ఇరుక్కుని ముందు భాగం వాలిపోతుండవచ్చు. చాలా హెల్మెట్లలో కాడల కోసమే చెంప ప్యాడ్ పై భాగంలో సన్నటి గాడి వదులుతారు. వేలితో తడిమితే తెలుస్తుంది, కాడ అందులోంచే పోవాలి. అద్దం ఎత్తు మరీ ఎక్కువైనా చిక్కే. ప్యాడ్లు పైకి తోసిన బుగ్గలు అద్దం కింది అంచుకు తగిలి, గతుకు వచ్చినప్పుడల్లా ఫ్రేము కదులుతుంది. ముందుకు వంగి నడిపే బండి అయితే అద్దం పై భాగంలోంచి చూస్తారు, అప్పుడు లావాటి పై అంచు సరిగ్గా రోడ్డుకు అడ్డంగా కనిపిస్తుంది. అలాంటి బండికి పై అంచు సన్నగా ఉన్నదో, అసలు లేనిదో చూసుకోండి.

కొనేటప్పుడు మీ హెల్మెట్ వెంట తీసుకెళ్లండి. హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించి, వైజర్ ఎత్తి, ఆ తరవాత కళ్లద్దాలు తోయండి. తల గట్టిగా అటూ ఇటూ ఊపండి. రెండు భుజాల మీదుగా వెనక్కి చూడండి, కాడ పక్కచూపును కోస్తుంటే అక్కడే తెలిసిపోతుంది (కీలు పై మూలలో ఉన్న ఫ్రేములు ఈ విషయంలో నయం). వైజర్ మూసి, అద్దానికి తగలడం లేదని చూసుకోండి. అలాగే ఓ ఇరవై నిమిషాలు ఉంచండి. షాపులో నొక్కింది రోడ్డు మీద ఇంకా నొక్కుతుంది, వాడగా వాడగా అలవాటైపోతుందన్న మాట నమ్మకండి. తీసేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు కళ్లద్దాలు, తరవాతే హెల్మెట్.

కటకం:
అద్దం గురించి నేను చెప్తాను. గాజు అద్దం వద్దు, దెబ్బ తగిలితే ముక్కలై కంట్లో పడుతుంది. పాలీకార్బొనేట్ గానీ ట్రైవెక్స్ గానీ తీసుకోండి. సీఆర్-39 అనే మామూలు ప్లాస్టిక్‌లో చూపు చాలా స్పష్టంగా ఉంటుంది, కానీ దెబ్బను ఆ రెండింటిలా తట్టుకోదు. ఈఎన్ ఐఎస్ఓ 12312-1 అన్నది మామూలు చలువ కళ్లద్దాల ప్రమాణం, వేగంగా వచ్చే రాయిని ఆపుతుందన్న హామీ కాదు. ఆ హామీ కావాలంటే అమెరికా ప్రమాణమైన జెడ్87+ గుర్తు చూడండి, లేదా యూరప్ పాత ప్రమాణం ఈఎన్ 166 కింద ఎఫ్ అక్షరం. 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండు సెకనుకు 45 మీటర్ల వేగంతో తగిలినా నిలిచిన అద్దానికి ఆ ఎఫ్ ఇచ్చేవారు. వైజర్ ఎప్పుడూ మూసే ఉంచుతానంటే ఇది అంత పట్టించుకోనక్కర్లేదు. వైజర్ ఎత్తి నడిపేవాళ్లు, ఓపెన్‌ఫేస్ వాళ్లు మాత్రం చూసుకోవాలి.

యూవీ400 అని ఉండాలి, అంటే 400 నానోమీటర్ల దాకా అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. అద్దం ఎంత నల్లగా ఉందన్నదానికీ దీనికీ సంబంధం లేదు. యూవీ ఆపని నల్లద్దం, అద్దం లేకపోవడం కన్నా చెడ్డది. నీడకు కంటిపాప విచ్చుకుంటుంది, కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి.

ఇక నలుపు ఎంత అన్నది. కేటగిరీ 2 అద్దం 18–43 శాతం వెలుగును వదులుతుంది, కేటగిరీ 3 అయితే 8–18, కేటగిరీ 4 అయితే 3–8. ఈ నాలుగోది వాహనం నడపడానికి పనికిరాదు. హెల్మెట్ లోపల లెక్క ఇంకో మెట్టు ఉంటుంది, వైజర్‌నూ కళ్లద్దాన్నీ గుణించాలి. 15 శాతం వదిలే కళ్లద్దం, 90 శాతం వదిలే తెల్ల వైజర్ వెనక 13.5 శాతం అవుతుంది, ఇబ్బంది లేదు. అదే కళ్లద్దం 50 శాతం వదిలే నల్ల వైజర్ వెనక 7.5 శాతం. దేనికది మంచిదే, రెండూ కలిసేసరికి నడపకూడని నలుపు తయారైంది. అందుకే నల్ల వైజరా, కళ్లద్దమా, ఏదో ఒకటే.

ఆ రెండింట్లో కళ్లద్దాలకే నా ఓటు. పొద్దు వాలితే కళ్లద్దాలు తీసి పెట్టెలో పెట్టుకోవచ్చు, నల్ల వైజర్ అయితే తెల్లది వెంట మోసుకెళ్లాలి. కళ్లద్దాల లోపం సొరంగాల దగ్గర బయటపడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎండలోంచి చీకట్లోకి వెళ్లి కన్ను రెండు సెకన్లు తడబడినా 33 మీటర్లు సరిగా చూడకుండా పోయినట్టే. అలాంటి దారులు ఎక్కువుంటే కేటగిరీ 2 తీసుకోండి, లేదా హెల్మెట్ లోపలే మీట నొక్కితే దిగే నల్లద్దం ఉన్న మోడల్‌కు మారండి. కానీ ఆ లోపలి అద్దం కొందరికి ముక్కుకు తగులుతుంది, మరికొందరికి కిందనుంచి వెలుగు వదిలేస్తుంది. అదీ పెట్టుకుని చూస్తే గానీ తెలియదు.

రంగుకొస్తే, బూడిద రంగు మిగతా రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. గోధుమ రంగు రోడ్డు మీది గుంతలు, అంచులు కాస్త తేటగా చూపిస్తుంది. నీలం, గులాబీ ఫ్యాషన్ రంగులు సిగ్నల్ దీపాల రంగును మార్చేస్తాయి, వదిలేయండి. రాత్రికని అమ్మే పసుపు అద్దాలూ అంతే, ఏ రంగైనా రాత్రి ఉన్న కొద్ది వెలుగునూ తగ్గిస్తుంది.

బాటసారి:
చాలా విషయాలు తెలిశాయి, ఇద్దరికీ థాంక్స్. పోలరైజ్డ్ గురించి ఎవరూ తేల్చలేదు. ఇంతకీ తీసుకోవాలా వద్దా?

కటకం:
మీ మీటరు చూసి చెప్పాలండి. ఎల్‌సీడీ తెర వెలుగే పోలరైజ్ అయి వస్తుంది, దాన్ని పోలరైజ్డ్ అద్దంలోంచి చూస్తే కొన్ని కోణాల్లో మసకగానో పూర్తి నల్లగానో కనిపిస్తుంది. కొనకముందే అద్దాన్ని మీ బండి మీటరు ముందు, ఫోన్ ముందు పెట్టి పావు చుట్టు తిప్పి చూడండి. ముల్లు మీటరైతే ఈ గొడవ లేదు.

రెండో గొడవ వైజర్‌తో. పాలీకార్బొనేట్ వైజర్ అచ్చు పోసేటప్పుడు లోపల మిగిలిపోయిన ఒత్తిడి వల్ల, పోలరైజ్డ్ అద్దంలోంచి చూస్తే రంగురంగుల చారలు కనిపిస్తాయి. కొన్ని వైజర్లలో లీలగా, కొన్నిట్లో చిరాకు పుట్టేంతగా. ఇక తడి రోడ్డు మీద, ఎదుటి కారు అద్దం మీద మెరుపును పోలరైజ్డ్ చాలావరకు చంపేస్తుంది, కంటికి చల్లగా ఉంటుంది. కానీ రెండు చక్రాల మీద వెళ్లేవాడికి ఆ మెరుపు ఒక హెచ్చరిక. ఒలికిన నూనె, తడి ఇనుప మూత ముందుగా మెరుపుతోనే కనపడతాయి. కారుకైతే సందేహం లేకుండా తీసుకోమంటాను, బండికి మాత్రం పోలరైజ్డ్ లేని మంచి అద్దమే నా ఎంపిక.

వెలుగునీడ:
చూపు కోసం పవర్ అద్దాలు వాడేవాళ్లు ఏం చేయాలండీ? ఎండకు వాటంతటవే నల్లబడే ఫోటోక్రోమిక్ ఒక్కటే ఉంటే చాలా? ఇంకోటి, సిగ్నల్ దగ్గర ఆగగానే లోపల ఆవిరి పట్టేస్తుంది.

కటకం:
మామూలు ఫోటోక్రోమిక్ నల్లబడేది ప్రధానంగా అతినీలలోహిత కిరణాల వల్ల. పాలీకార్బొనేట్ వైజర్ ఆ కిరణాలను బయటే ఆపేస్తుంది, కాబట్టి వైజర్ మూసుకుంటే అద్దం దాదాపు తెల్లగానే ఉండిపోతుంది. పవర్‌తోనే రంగు వేయించిన రెండో జత చేయించుకోవడం నయం. ముఖాన్ని చుట్టేసే వంపు ఫ్రేముకు పోకండి, పవర్ ఎక్కువైతే అంచుల్లో చూపు వంకర్లు పోతుంది. గాలిని ఆపే పని ఎలాగూ ఫుల్‌ఫేస్ చేస్తుంది. అద్దం లోపలివైపు యాంటీ రిఫ్లెక్టివ్ పూత వేయించండి, లేకపోతే వెనకనుంచి పడ్డ ఎండకు మీ కన్నే మీకు అద్దంలో కనిపిస్తుంది. పై నుంచి కిందికి నలుపు తగ్గే గ్రేడియెంట్ చేయిస్తే కింద మీటరు బాగా కనపడుతుంది.

మడ్‌గార్డ్:
ఆవిరి సంగతి: ఆగినప్పుడు ఊపిరి పైకి ఎగదన్ని చల్లటి అద్దం మీద పేరుకుంటుంది. గడ్డం దగ్గరి గాలి రంధ్రం తెరవండి, ముక్కు మీద ఉండే బ్రెత్ గార్డ్ ఊడిపోయి ఉంటే కొత్తది పెట్టండి, ఆగగానే వైజర్ ఒక మెట్టు ఎత్తండి. పిన్‌లాక్ (ఆవిరి పట్టకుండా వైజర్ లోపలివైపు బిగించే రేకు) వైజర్‌ను మాత్రమే కాపాడుతుంది, కళ్లద్దాలను కాదు. వాటికి యాంటీఫాగ్ స్ప్రే వేరే వాడాలి, అద్దం మీద పూతలుంటే వాటికి పడుతుందో లేదో సీసా మీద చదువుకోండి.

అడగకపోయినా ఒక మాట. కాడకు చోటు చేయడానికి కొందరు హెల్మెట్ లోపల కోస్తుంటారు. గుడ్డ కింద ఉండే గట్టి థర్మాకోల్ పొరను కొంచెం కూడా గీకకూడదు, దెబ్బను మింగేది అదే. మరీ బిగుతైతే ఆ కంపెనీ అమ్మే పల్చటి చెంప ప్యాడ్లు వేసుకోండి.

బాటసారి:
రెండు నచ్చాయి. ఒకటి గోధుమ రంగు, పోలరైజ్డ్, కేటగిరీ 3, కాడలకు రబ్బరు. రెండోది బూడిద రంగు గ్రేడియెంట్, కేటగిరీ 2, సన్నటి మెటల్ కాడలు, చివర కొంచెం వంపు. నా మీటరు ఎల్‌సీడీనే.

మడ్‌గార్డ్:
రెండోదే తీసుకోండి. మెటల్ కాడకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి కళ్లద్దాల షాపులో వేడి చేసి ఆ వంపును తిన్నగా చేసిస్తారు. మొదటిది టీఆర్-90 లాంటి నైలాన్ అయితే వేడికి అంత సులువుగా వంగదు, వంచినా పాత రూపానికే వస్తుంది. చివర తొడుగు ఊడిపోకుండా ఉందో లేదో చూసుకోండి, మొన తేలిన తీగ హెల్మెట్ లోపల ఉండకూడదు. బండి అదురుకు కీలు స్క్రూలు వదులవుతాయి, వాటికి తక్కువ పట్టు ఉన్న థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) చుక్క పెట్టించండి. ప్లాస్టిక్ ఫ్రేము మీద మాత్రం అది పడనివ్వకండి, పగుళ్లు వస్తాయి.