వాంగ్మూలంలో ఒక చిన్న ‘ట’

‘వాంగ్మూలం’ సరైనదా, ‘వాఙ్మూలం’ సరైనదా అని అడిగారు కదా. వాక్ + మూలం. క తర్వాత మ వచ్చింది కాబట్టి అనునాసిక సంధి (ముక్కుతో పలికే అక్షరం ముందున్న హల్లు తన వర్గపు ముక్కు అక్షరంగా మారడం) జరిగి, క కాస్తా ఙ అయి, వాఙ్మూలం అవుతుంది. ఇక్కడ ఆ సంధి వైకల్పికం, అంటే చేసినా మానినా సరే, కనుక వాగ్మూలం అన్నా తప్పు లేదు. వాఙ్మయంలో ‘మయ’ ప్రత్యయం కాబట్టి ఆ వెసులుబాటు ఉండదు. ఙ రాయడం మనకు అలవాటు తప్పింది, దాని చోట సున్నా, గ వచ్చి కూర్చున్నాయి. రూఢి అయిన మాట, నేనూ వాంగ్మూలమనే రాస్తాను.

నాకు అంతకంటే ముఖ్యమనిపించేది అర్థం. వాక్కే మూలంగా గలది. చెప్పే మనిషికి సాక్షి అని పేరు. పాణిని ‘సాక్షాద్ ద్రష్టరి సంజ్ఞాయామ్’ అన్నాడు, అంటే స్వయంగా చూసినవాడు. చూసినదాన్నీ విన్నదాన్నీ వేరుచేసే ఏర్పాటు తెలుగు క్రియలోనే ఉంది. వాంగ్మూలం ఇవ్వబోయేవాళ్ళు దాన్ని గట్టిగా పట్టుకోవాలి.

మా అన్నయ్య ఒక సివిల్ కేసులో సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ముందురోజు లాయరుగారి దగ్గర కూర్చున్నాం. అన్నయ్య గబగబా చెప్పుకుపోతున్నాడు: “ఆయన సాయంత్రం వచ్చి సంతకం పెట్టాడు.” లాయరుగారు పెన్ను కింద పెట్టి, “మీరు చూశారా?” అన్నారు. “లేదండీ, మా ఆవిడ చెప్పింది.” “అయితే పెట్టాడట అనండి. మీరు చూసింది ఎక్కడ మొదలైందో అక్కడినుంచి చెప్పండి.”

వచ్చాడు, వచ్చాడట, వచ్చి ఉంటాడు. మొదటిది చూసినది, రెండోది విన్నది, మూడోది ఊహ. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ తడబడం. టెన్షన్‌లో ఉన్నప్పుడు, నమ్మకంగా కనబడాలన్న ఆత్రంలో, ఆ ‘ట’ని మింగేస్తాం. అవతలి లాయరు “మీరప్పుడు ఎక్కడున్నారు?” అని ఒక్క ప్రశ్న వేస్తే, నిజమే చెప్పిన మనిషి అబద్ధమాడినట్టు తేలుతాడు. అన్నయ్య ఆ రాత్రి తను చెప్పాల్సినదంతా తారీఖుల వరసన కాగితం మీద పెట్టుకుని, ప్రతి వాక్యం పక్కన ‘చూశాను’, ‘విన్నాను’ అని రాసుకున్నాడు. బట్టీ పట్టలేదు. పట్టకూడదు కూడా, పాఠం అప్పజెప్పినట్టుంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇంకొకటి, ‘అవును’. “మీరు ఆ రోజు వెళ్ళలేదు కదా?” అంటే మనం “అవును” అంటాం, వెళ్ళలేదని మన ఉద్దేశం. అది ఇంగ్లీషులో ‘ఎస్’ అని రికార్డుకెక్కితే అర్థం తారుమారు కావచ్చు. “వెళ్ళలేదు” అని క్రియతో చెప్పడమే క్షేమం. తల ఊపడం, ‘ఊఁ’ కొట్టడం కాగితం మీదికి రావు.

‘చెప్పారు’తోనూ జాగ్రత్త. చెప్పింది మనం గౌరవించే ఒక్కరా, పదిమందా అన్నది ఆ మాటలో తేలదు. చెప్పిందెవరో, ఆ కర్తను మింగకండి.

కింద వ్యాఖ్యల్లో ఒకరు, వచ్చే వారం తమ వాంగ్మూలం ఉందనీ, ‘గుర్తు లేదు’ అంటే తప్పించుకుంటున్నట్టు అనుకుంటారేమోననీ రాశారు. నిజంగా గుర్తు లేకపోతే అదే అనండి, భయపడకండి. కానీ గుర్తు లేదు, తెలియదు, జరగలేదు అనే మూడూ ఒకటి కావు. గుర్తు లేదంటే ఒకప్పుడు తెలిసినదే కావచ్చు, ఏదైనా కాగితం చూపిస్తే గుర్తుకు రావచ్చు. తెలియదంటే మీ ఎరుకలోకి ఎప్పుడూ రాలేదని. జరగలేదనడం ఖండించడం. ఈ రోజు ‘జరగలేదు’ అని, రేపు మీ సంతకమున్న ఉత్తరం ముందు పెడితే ‘మరిచిపోయాను’ అనాల్సి వస్తే చాలా ఇబ్బంది. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగండి, అర్థం కాకపోతే మళ్ళీ అడగమనండి. విచారణ ఇంగ్లీషులో జరుగుతూ, మీరు తెలుగులోనే చెప్పేటట్టయితే, దుభాషి కావాలని ముందే మీ లాయరుగారికి చెప్పండి. ఆ రోజు మీరు ‘వచ్చాడట’ అన్నది ‘వచ్చాడు’గా అనువాదమైనట్టు అనిపిస్తే, అక్కడికక్కడే ఆపి సరిచేయమని అడగండి.