అప్‌డేట్: మామయ్య నోటి కదలికల గురించి

హాలోపెరిడాల్ (భ్రమలు తగ్గించే మానసిక వ్యాధి మందు) ఏళ్ల తరబడి వాడుతున్న మా మామయ్య, నోట్లో ఏమీ లేకున్నా ఆకువక్క నమిలినట్టు నములుతుంటాడని, మాత్ర ఆపేయొచ్చా అని అడిగాను కదా. కర్నూలులోనే సైకియాట్రిస్ట్‌కు చూపించాం. సొంతంగా అస్సలు ఆపొద్దన్నారు.

నోరు కాస్త తెరిచి, బొటనవేలిని మిగతా వేళ్లకు వరసగా తాకించమన్నారు. ధ్యాస వేళ్ల మీదికి పోగానే నాలుక ఇంకా ఎక్కువగా కదిలింది! దీన్ని టార్డివ్ డిస్కినీషియా అంటారట, అంటే ఇలాంటి మందులు ఏళ్లపాటు వాడితే వచ్చే, మన అదుపులో లేని కదలికలు.

హాలోపెరిడాల్ మెదడులో డోపమిన్ (కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం) అందుకునే డి2 రిసెప్టర్లను అడ్డుకుంటుంది. భ్రమలు తగ్గేది అందుకే. కానీ కదలికలను నడిపే మెదడు భాగమైన స్ట్రయేటమ్‌లోనూ అవే రిసెప్టర్లు ఉన్నాయి. సుమారు 65 శాతం మూసుకుంటే మందు పనిచేస్తుంది, 80 దగ్గరికొస్తే వణుకు, బిగుసుకుపోవడం. ఏళ్లపాటు మూసే ఉంచితే అక్కడి కణాలు కొద్ది డోపమిన్‌కే అతిగా స్పందిస్తాయి. ఇదొక్కటే కారణం కాదు గానీ ప్రధానంగా చెప్పే వివరణ ఇదే. మందు ఉన్నట్టుండి ఆపితే కదలికలు పెరిగేదీ అందుకే.

వణుకుకని ఇచ్చిన ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర అసిటైల్‌కోలిన్‌ అనే మరో సందేశ రసాయనం పనిని తగ్గిస్తుంది. వణుకుకు మంచిదే, ఈ నములుడును మాత్రం పెంచొచ్చు. (ఇది మాకెవరూ చెప్పలేదు, కోపమొచ్చింది.) దాన్ని మెల్లగా తగ్గిస్తూ, ఈ కదలికలను తగ్గించే టెట్రాబెనజీన్ చిన్న డోసు మొదలుపెట్టారు. ఈ కొత్త మందుతో దిగులు రావచ్చట, అలా కనిపిస్తే వెంటనే తీసుకురమ్మన్నారు.

ఉగ్గాని తినేటప్పుడు నాలుక కొరుక్కోవడం కాస్త తగ్గింది. పూర్తిగా పోతుందని డాక్టర్ మాటివ్వలేదు.