యూనివర్సిటీ ఎండోమెంట్‌లో (విరాళాలతో పెట్టుబడులు పెట్టే నిధిలో) ప్రైవేటు జైళ్ల పెట్టుబడులు ఉన్నాయో లేదో ఎలా తేల్చాలి?

అమెరికాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో, జైళ్ల వ్యాపారం నుంచి డబ్బు వెనక్కి తీయమని అడుగుతున్న విద్యార్థి బృందం మాది. ఎండోమెంట్ లెక్కలు చదవడం వచ్చినవాళ్లు కాస్త దారి చూపండి.

2015లో కొలంబియా, అదే ఏడాది చివర్లో నల్లజాతి విద్యార్థుల ఒత్తిడితో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఈ పని చేశాయి. కాలిఫోర్నియా అమ్మిన వాటా సుమారు 2.5 కోట్ల డాలర్లు.

మా చిక్కు ఇదీ. మూడు నెలలకోసారి ఎస్‌ఈసీకి (అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థకు) వెళ్లే 13ఎఫ్ పత్రంలో, అంటే చేతిలో ఉన్న షేర్ల జాబితాలో, ప్రైవేటు జైళ్లు నడిపే కోర్‌సివిక్, జియో గ్రూప్ పేర్లు లేవు. అంతమాత్రాన డబ్బు లేనట్టు కాదు. బయటి మేనేజర్లు పలువురి డబ్బు కలిపి నడిపే కలగలుపు ఫండ్లలో ఏముందో, ప్రైవేటు ఈక్విటీలో (షేర్ మార్కెట్‌లో లేని కంపెనీలను కొనే ఫండ్లలో) ఏముందో అందులో రాదు. జైలు ఫోన్ల కంపెనీ సెక్యూరస్‌ను 2017లో కొన్నది ప్లాటినమ్ ఈక్విటీ అనే ప్రైవేటు ఈక్విటీ సంస్థ. అలాంటివి షేర్ల జాబితాలో ఎంత వెతికినా తగలవు. (పాత రికార్డులు చూసేవాళ్లకో మాట: 2016 దాకా కోర్‌సివిక్ పేరు కరెక్షన్స్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా.)

పబ్లిక్ రికార్డ్స్ చట్టం (మన సమాచార హక్కు చట్టం లాంటిది) కింద యూనివర్సిటీని అడిగితే వ్యాపార రహస్యమంటూ పేజీలకు పేజీలు నల్లరంగు పూసి ఇచ్చారు. కాలిఫోర్నియా చట్టమైతే ఫండ్ పేరు, పెట్టిన మొత్తం, ఫీజులు చెప్పి తీరాలంటుంది. మిగతా రాష్ట్రాల్లో ఆ మూడే అడిగి సాధించినవాళ్లున్నారా? అర్జీలో ఏ మాటలు వాడారు? ఎండోమెంట్ విడిగా ఫౌండేషన్ పేరున ఉంటే ఎవరికి పెట్టాలి? ప్రైవేటు జైళ్లలో ఉన్నది ఖైదీల్లో పదో వంతు కన్నా తక్కువే కాబట్టి, జైలు ఫోన్లు, బెయిల్ బాండ్ల (ఫీజు తీసుకుని నిందితుడి బెయిల్‌కు పూచీ పడే) కంపెనీలనూ మొదటి డిమాండ్‌లోనే చేర్చడం మంచిదా, లేక బోర్డు ఆ సాకుతో మొత్తం పక్కన పెడుతుందా?