గండికోట ఫొటోలో ఆకాశం ముదురు చేస్తే గోపురం చుట్టూ తెల్ల గీత వస్తోంది

పెన్నా ఒడ్డు:

అందరికీ నమస్కారం. పోయిన నెల నాన్నను గండికోట తీసుకెళ్లాను. ఆయన పుట్టింది జమ్మలమడుగులో. మోకాళ్ల నొప్పుల వల్ల తెల్లారేసరికి బయల్దేరలేకపోయాం, కోట లోపలికి చేరేసరికి పదకొండున్నర అయింది. మాధవరాయస్వామి గుడి గోపురం ముందు నిలబెట్టి తీశాను. నాన్న బాగా వచ్చారు, గోపురం కూడా బాగుంది. ఆకాశం మాత్రం ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా ఉంది.

లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నీలం ల్యూమినెన్స్ స్లైడర్‌ను (నీలం రంగు వెలుగును పెంచేది, తగ్గించేది) మైనస్ 80 దాకా లాగాను. ఫోన్‌లో చూస్తే చాలా బాగుంది. 12కి 18 సైజులో ప్రింట్ వేయించాక అసలు సంగతి తెలిసింది. గోపురం అంచు వెంబడి సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత. ఆకాశం నిండా ఇసుక చల్లినట్టు నాయిస్. పై మూలల్లో మెట్లు మెట్లుగా చారలు. నాన్న వేసుకున్నది లేత నీలం చొక్కా, అది కూడా ముదురు నీలం అయిపోయింది. అమ్మ చూసి చెప్పేదాకా నేను గమనించనే లేదు.

వచ్చే నెల నాన్నకు భీమరథ శాంతి. ఆ రోజుకి ఈ ఫొటో హాల్లో ఉండాలని నా కోరిక. రా ఫైల్ (కెమెరా సెన్సర్ నమోదు చేసిన అసలు డేటా) ఉంది, కానీ నేను ఎడిట్ చేసింది జేపెగ్ (కుదించిన మామూలు ఫొటో ఫైల్). ఎక్కడ తప్పు చేశానో చెప్పగలరా?

మబ్బుల పిచ్చి:

ఇంత కష్టం ఎందుకండీ? ఫొటోషాప్‌లో 2020 చివర్లోనే ఆకాశాన్ని మార్చేసే స్కై రీప్లేస్‌మెంట్ వచ్చింది. మంచి సాయంత్రం మబ్బులు పెట్టేయండి, ఒక్క నిమిషం పని.

పాత స్టూడియో, ప్రొద్దుటూరు:

అమ్మా, ఆకాశం మార్చకు. పదకొండున్నర ఎండలో నీడ ఎక్కడ పడుతుందో మీ నాన్నగారి ముఖమే చెబుతుంది. కనుబొమల కింద, ముక్కు కింద నల్లగా ఉంటుంది. దాని వెనక సాయంత్రపు మబ్బులు పెడితే చూసినవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. ఆ రోజు ఆయన తలమీద ఉన్న ఆకాశమే ఉండాలి, కాస్త ముదురు చేస్తే చాలు.

ఇది కంప్యూటర్‌తో వచ్చిన విద్య కాదు. 1927లో అమెరికాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండను బ్లాక్ అండ్ వైట్‌లో తీసేటప్పుడు ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ముందు పసుపు ఫిల్టర్ పెట్టాడు. ఆకాశం తను అనుకున్నంత నల్లగా రాదని తోచి, మిగిలిన ప్లేటు (అప్పట్లో ఫిల్మ్‌లా వాడిన గాజు పలక) మీద ముదురు ఎరుపు ఫిల్టర్‌తో మళ్లీ తీశాడు. ఎరుపు గాజు నీలం వెలుతురును ఆపేస్తుంది కాబట్టి ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. నేను పని నేర్చుకున్న రోజుల్లో డార్క్‌రూమ్‌లో అట్టముక్క వాడేవాళ్లం. ఫొటో పేపర్‌కు వెలుతురు ఎంత ఎక్కువ తగిలితే అంత నల్లబడుతుంది. పేపర్ మొత్తానికి పది సెకన్లు వెలుతురు ఇచ్చి, తర్వాత మనుషుల మీద అట్ట అడ్డం పెట్టి, ఒక్క ఆకాశానికే ఇంకో ఆరేడు సెకన్లు ఇచ్చేవాణ్ణి. అట్టను ఆపకుండా అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. చెయ్యి ఒక్క క్షణం ఆగిందా, అక్కడే గీత పడేది. నీ ఫొటోలో పడింది కూడా దాదాపు అలాంటి గీతే.

నువ్వు వాడిన స్లైడర్ ఆకాశాన్ని గుర్తుపట్టదు, రంగునే చూస్తుంది. చొక్కా మారింది అందుకే. జేపెగ్‌లో వెలుతురు వివరం పూర్తిగా ఉంటుంది కానీ రంగు వివరాన్ని సాధారణంగా కుదించేస్తారు. దాంతో గోపురం అంచు దగ్గర రాతి రంగు, నీలం కలిసిపోతాయి. అక్కడ నీలం తక్కువ కాబట్టి స్లైడర్ ఆ చుక్కల్ని వదిలేస్తుంది, చుట్టూ ముదిరినా అవి తెల్లగానే మిగులుతాయి. ఇక చారల సంగతి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు ఉండేది 256 మెట్లు. వెలిసిన ఆకాశం అందులో కొన్ని మెట్లలోనే ఇరుక్కుని ఉంటుంది. వాటిని సాగదీస్తే సందులు బయటపడతాయి. నీ కెమెరా రా ఫైల్ 14 బిట్లదైతే 16,384 మెట్లు ఉంటాయి.

కాబట్టి రా ఫైల్‌తో మొదలుపెట్టు. నీలం స్లైడర్‌ను సున్నా దగ్గరే ఉంచు. మాస్కింగ్‌లో (ఫొటోలో ఒక భాగాన్నే ఎంచుకుని మార్చే చోటు) సెలెక్ట్ స్కై నొక్కి, ఎక్స్‌పోజర్ మైనస్ 0.5, మహా అయితే 0.7. అంతకు మించి వద్దు. తర్వాత ఇంకో స్కై మాస్క్ తీసుకుని, దాన్ని లీనియర్ గ్రేడియంట్‌తో (మార్పు క్రమంగా తగ్గుతూ పోయే మాస్క్) ఇంటర్‌సెక్ట్ చేసి, అంటే రెండూ కలిసిన చోటే మార్పు పడేలా చేసి, పైనుంచి కిందికి లాగి ఇంకొంచెం తగ్గించు. ఆకాశం నడినెత్తిన ముదురుగా ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ పాలిపోతుంది. అంతా ఒకే నీలం చేస్తే పాత స్టూడియోల్లో వెనక కట్టే రంగుల తెరలా ఉంటుంది. నాయిస్ తగ్గించేది కూడా ఆ మాస్క్‌లోనే చెయ్యి, మొత్తం ఫొటోకి చేస్తే రాతి గరుకుతనం పోతుంది. గోపురం అంచును 200 శాతం పెద్దది చేసి, కింది నుంచి పైదాకా ఓపిగ్గా చూడు.

ఇంకొకటి, ఫోన్ వెలుగును నమ్మకు. ముందు 4కి 6 ప్రింట్ ఒకటి వేయించి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూసి, అప్పుడు పెద్దది వేయించు.

రాళ్ల దారి:

పాత స్టూడియో గారు చెప్పిందంతా డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కూడా చేసుకోవచ్చు, అది ఉచితం. పారామెట్రిక్ మాస్క్ (రంగు, వెలుగును బట్టి ఎంచుకునేది) పెట్టి, మాస్క్ అంచును సర్దే ఫెదరింగ్ కొంచెం పెంచితే మాస్క్ గోపురం బొమ్మల అంచులకు అతుక్కుంటుంది.

మళ్లీ వెళ్తే పోలరైజర్ (లెన్స్ ముందు పెట్టి ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) తీసుకెళ్లండి. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశపు పట్టీ మీద అది బాగా పనిచేస్తుంది. సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడు ఆ పట్టీ చుట్టూ దిగంతం వెంబడే వస్తుంది, అంటే గోపురం వెనక కూడా. వెలుతురు ఒకటిన్నర, రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగం అవుతుంది) తగ్గుతుంది, అది చూసుకోండి. పొద్దున, సాయంత్రం వైడ్ లెన్స్‌తో వాడితే మాత్రం ఆకాశం ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క లేతగా వస్తుంది.

పెన్నా ఒడ్డు:

సార్, నిన్న రాత్రి కూర్చుని మొదటి నుంచి చేశాను. స్కై మాస్క్ మైనస్ 0.6, పైన గ్రేడియంట్ మైనస్ 0.35. చొక్కా రంగు మళ్లీ మామూలుగా వచ్చింది. ఒక శిల్పం చెయ్యి పక్కన మాస్క్ కొంచెం తప్పింది, బ్రష్‌తో తుడిచాను. ఈ రోజు పొద్దున 4కి 6 ప్రింట్ వచ్చింది. గీత లేదు, చారలు లేవు.

మీరు చెప్పినట్టే పెద్దది చేసి అంచు వెంబడి చూస్తుంటే గోపురం మీద ఒక చిలుక కనిపించింది. మొదటి ప్రింట్‌లో దాని తోక ఆ తెల్ల గీతలో కలిసిపోయింది. నాన్నకు ఆ చిన్న ప్రింట్ ఇస్తే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు తీసేసి, కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశారు. అమ్మను పిలిచి మొదట చూపించింది ఆ చిలుకనే. పెద్ద ప్రింట్‌కి ఇవాళే ఇస్తున్నాను.