చైనాలో మరణశిక్ష: అవినీతిపరులకు నిజంగా భయమా, మనకు ఫార్వర్డ్ మెసేజా?

కృష్ణాతీరం:
మా ఫ్యామిలీ గ్రూపులో ఓ ఫోటో తిరుగుతోంది. "చైనాలో లంచం తిన్న మంత్రికి మరణశిక్ష. మన దేశంలో ఎప్పుడు?" అని. మా బావగారు కింద మూడు చప్పట్లు కొట్టారు. నాకెందుకో అనుమానం వచ్చి వెతికాను. ఆ మంత్రి తాంగ్ రెన్‌జియాన్, మాజీ వ్యవసాయ మంత్రి. 26.8 కోట్ల యువాన్ల లంచాలు తీసుకున్నాడని 2025 సెప్టెంబరులో చాంగ్‌చున్ కోర్టు మరణశిక్ష వేసిన మాట నిజమే. కాకపోతే తీర్పులో "రెండేళ్ల వాయిదాతో" అని ఉంది. ఫార్వర్డ్‌లో ఆ ముక్క ఎగిరిపోయింది. అసలు వాళ్ల పద్ధతి పనిచేస్తోందా లేదా? తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టుకోకుండా మాట్లాడుకుందాం.

మిర్చిబజ్జీ:
పనిచేస్తోంది. ఇందులో చర్చించడానికి ఏముంది? హువారోంగ్ అనే ప్రభుత్వ ఆర్థిక సంస్థకు లై షియావోమిన్ అని ఒక ఛైర్మన్ ఉండేవాడు. దాదాపు 179 కోట్ల యువాన్ల లంచం. బీజింగ్‌లో ఒక ఫ్లాట్ నిండా బీరువాలు, వాటి నిండా నోట్ల కట్టలు. వాళ్ల టీవీలోనే చూపించారు. ఆ ఫ్లాట్‌ని ఆయన "సూపర్ మార్కెట్" అని పిలుచుకునేవాడట! 2021 జనవరి 5న తీర్పు, జనవరి 29న అమలు. ఇతనికి వాయిదా లేదు, గీయిదా లేదు. అంతకుముందు 2007లో ఆహార, ఔషధ శాఖ అధిపతి జెంగ్ షియావోయుకి కూడా శిక్ష అమలు చేశారు. మన దగ్గర బెయిలు మీద బయటికొచ్చి పూలదండలు వేయించుకుంటారు. తేడా కనబడట్లేదా బ్రదర్?

నల్లకోటు:
కృష్ణాతీరం గారు పట్టుకున్న ముక్కే అసలు విషయం. చైనాలో మరణశిక్షలు రెండు రకాలు. ఒకటి వెంటనే అమలయ్యేది. రెండోదాన్ని వాళ్లు "సిహువాన్" అంటారు. రెండేళ్లు ఆపుతారు, ఆ రెండేళ్లలో ఖైదీ కావాలని మళ్లీ నేరం చేయకపోతే యావజ్జీవంగా మారుస్తారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పడేది ఈ రెండోదే. 2013లో రైల్వే మంత్రి లియు జిజున్‌కి పడిందీ అదే. 2015లో చట్టం మార్చి, అవినీతి కేసుల్లో అలా యావజ్జీవంగా మారాక ఇక ఏ తగ్గింపూ లేకుండా చచ్చేదాకా జైల్లోనే ఉంచే వీలు పెట్టారు. అది తక్కువ శిక్షని నేను అనను. కానీ ఫార్వర్డ్ చూసి మనం ఊహించుకునే తుపాకీ గుండు మాత్రం కాదు.

ఇంకో సంగతి. చైనా తన మరణశిక్షల జాబితాని తనే కుదించుకుంటూ వస్తోంది. ఒకప్పుడు 68 నేరాలకు మరణశిక్ష ఉండేది. 2011లో 13 తీసేశారు, 2015లో ఇంకో 9. ఇప్పుడు 46. అదీ ఎక్కువే, కాదనను. మనం చైనాని చూసి నేర్చుకోవాలంటున్నాం, ఆ చైనా మాత్రం ఎటు నడుస్తోందో చూడట్లేదు.

ఓరుగల్లు పోరగాడు:
పెద్దోళ్లకు వాయిదా, చిన్నోళ్లకు తూటా. గదే కథ. 2008లో పిల్లల పాలపొడిలో మెలమైన్ అనే రసాయనం కలిపిన కేసు యాదికున్నదా? ఆరుగురు పసిపిల్లలు చచ్చిపోయిన్రు, దగ్గర దగ్గర మూడు లక్షల మందికి కిడ్నీలల్ల రాళ్లు, ఇతర రోగాలు. 2009ల ఇద్దరికి మరణశిక్ష అమలు చేసిన్రు. ఒకడు మెలమైన్ పొడి తయారుచేసి అమ్మినోడు, ఇంకొకడు పాలు పోసినోడు. కంపెనీ ఛైర్మన్ మేడమ్‌కు యావజ్జీవం.

ఇంకోటి చెప్తా. షెన్యాంగ్‌ల షియా జున్‌ఫెంగ్ అని రోడ్డు మీద బండి పెట్టుకొని పుల్లలకు గుచ్చిన చిరుతిండ్లు అమ్మేటోడు. 2009ల మున్సిపల్ గస్తీవాళ్లు బండిని పట్టుకొని ఆయన్ని ఆఫీసుకు తీస్కపోయిన్రు. ఆడ గొడవైంది, ఇద్దరు గస్తీవాళ్లు కత్తిపోట్లతో చచ్చిపోయిన్రు. నన్ను కొడుతుంటే కాపాడుకున్న అన్నడు. కోర్టు నమ్మలే. 2013 సెప్టెంబర్ల పాణం తీసిన్రు. దానికి ఏడాది ముందే, బ్రిటన్ వ్యాపారిని విషం పెట్టి చంపిన గు కైలాయ్‌కి రెండేళ్ల వాయిదా దొరికింది. ఆమె భర్త కమ్యూనిస్టు పార్టీ పెద్దల కమిటీ పొలిట్‌బ్యూరోల ఉండె. చైనా జనాలే ఈ రెండు కేసులను పక్కపక్కన పెట్టి ఇంటర్నెట్‌ల అడిగిన్రు, ప్రాణానికి రేటు మనిషిని బట్టి ఉంటదా అని.

మిర్చిబజ్జీ:
అన్నా, బండివాడి సంగతి సరే, అది బాధాకరమే. కానీ పాలల్లో విషం కలిపినవాడు చిన్నోడైతే మాత్రం జాలిపడాలా? మెలమైన్ ఎందుకు కలిపారో తెలుసా? పాలల్లో నీళ్లు పోస్తే ప్రోటీన్ పరీక్షలో దొరికిపోతారు. మెలమైన్‌లో నైట్రోజన్ ఎక్కువ, అది వేస్తే పరీక్షలో ప్రోటీన్ ఉన్నట్టే చూపిస్తుంది. అంటే తెలిసి చేసిన పని. ఆ ఛైర్మన్‌కి కూడా వేసుండాలి అంటే ఒప్పుకుంటా. ఇద్దరికీ వేయకూడదంటే మాత్రం నావల్ల కాదు.

స్టెతస్కోప్:
నేను అక్కడ ఆరేళ్లు ఎంబీబీఎస్ చదివాను, కాబట్టి ఒక మాట. జనాన్ని భయపెట్టి ప్రభుత్వం ఈ శిక్షని రుద్దిందని అనుకోకండి. మా హాస్టల్ వార్డెన్ ఆంటీ దగ్గర ఒకసారి ఈ విషయం ఎత్తితే, ఆవిడ నూడుల్స్ తింటూ తల ఎత్తకుండానే "షారెన్ ఛాంగ్‌మింగ్, ఛియెన్‌చై హువాన్‌ఛియెన్" అంది. చంపినవాడు ప్రాణంతో తీర్చాలి, అప్పు చేసినవాడు డబ్బుతో తీర్చాలి అని వాళ్ల సామెత. ఆవిడ దృష్టిలో అక్కడితో చర్చ అయిపోయింది.

షియాన్‌లో ఒక సంగీతం విద్యార్థి 2010లో రాత్రిపూట కారుతో ఒకామెని గుద్దాడు. ఆమె కారు నంబరు గుర్తుపెట్టుకుంటుందేమోనని దిగి కత్తితో పొడిచి చంపాడు. అప్పుడు దేశం మొత్తం వాడికి శిక్ష పడాల్సిందేనని ఊగిపోయింది. మరుసటి ఏడు అమలు చేశారు. అదే జనం 2012లో వు యింగ్ అనే వ్యాపారవేత్త ప్రాణం నిలబెట్టారు. అక్రమంగా డిపాజిట్లు సేకరించిందని ఆమెకు మరణశిక్ష పడితే, డబ్బు కేసుకి ప్రాణం తీస్తారా అని గోల చేశారు. సుప్రీం కోర్టు ఆపేసింది, ఆమెకు వాయిదా వచ్చింది. కాబట్టి ప్రజల కోపం అటూ పనిచేస్తుంది, ఇటూ పనిచేస్తుంది. డాక్టరుగా నాకు ఇబ్బంది కలిగించిన విషయం వేరే: మరణశిక్ష పడిన ఖైదీల అవయవాలను ఏళ్ల తరబడి మార్పిడికి వాడారు. ఆ సంగతి చైనా ఆరోగ్యశాఖ ఉపమంత్రే ఒప్పుకున్నారు. 2015 నుంచి ఆపేశామన్నారు. చావబోయే ఖైదీ "సమ్మతి"కి అర్థమేంటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

పాత పలక:
పిల్లలూ, ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, కొంచెం పొడుగైతే ఓపిక పట్టండి.

1996 ఏప్రిల్ 9, ఇన్నర్ మంగోలియాలోని హోహోట్ నగరం. సిగరెట్ ఫ్యాక్టరీలో పనిచేసే హుగ్‌జిల్త్ అనే 18 ఏళ్ల కుర్రాడికి ఒక పబ్లిక్ టాయిలెట్‌లో మహిళ శవం కనబడింది. తోటి పనివాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి పోలీసులకు తనే చెప్పాడు. ఆ చెప్పడమే అతని కొంప ముంచింది. రెండురోజులు గట్టిగా విచారించి నువ్వే చేశావని ఒప్పించారు. జూన్ 10న తుపాకీతో కాల్చి చంపేశారు. శవం దొరికిన రోజు నుంచి లెక్కపెడితే 62 రోజులు. దర్యాప్తు, విచారణ, అప్పీలు, అమలు అన్నీ అందులోనే. 2005లో వేరే కేసుల్లో దొరికిన వరుస హంతకుడొకడు ఆ హత్య తనదేనని చెప్పాడు. హుగ్‌జిల్త్ నిర్దోషి అని కోర్టు అనడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. 2014 డిసెంబరు 15న హైకోర్టు ఉపాధ్యక్షుడు వాళ్లింటికి వెళ్లి తల్లిదండ్రులకు తీర్పు కాగితం ఇచ్చి క్షమాపణ చెప్పాడు. తరవాత 20 లక్షల యువాన్ల పైచిలుకు పరిహారం వచ్చింది. తప్పు చేసినవాళ్లు 27 మంది అని తేల్చి, వాళ్లలో చాలామందిని మందలింపులతో సరిపెట్టారు.

రెండోది హెబెయ్ రాష్ట్రం షిజియాజువాంగ్ దగ్గర నియె షుబిన్. అతనికి 20 ఏళ్లు. 1995 ఏప్రిల్‌లో తండ్రి ఎప్పటిలాగే కొడుక్కి ఇవ్వాల్సినవి పట్టుకుని నిర్బంధ కేంద్రానికి వెళ్లాడు. "ఇక తేవక్కర్లేదు, నిన్ననే అయిపోయింది" అన్నారట. ఇంటివాళ్లకు ఒక కబురు కూడా లేదు. తల్లి ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది. 2016 డిసెంబరులో సుప్రీం కోర్టు అతన్ని నిర్దోషి అంది. అరెస్టు చేసిన మొదటి ఐదు రోజుల విచారణ రికార్డులే ఫైల్లో లేవు! ఆ హత్య తనదే అని మొత్తుకున్నవాడికి 2021లో వేరే హత్యల కింద శిక్ష అమలైంది. ఈ హత్య అతనిదేనని ఏ కోర్టూ అనలేదు.

ఎందుకింత తొందర? 1983లో "గట్టి దెబ్బ" ఉద్యమమని మొదలుపెట్టి, చాలా నేరాల్లో మరణశిక్షను ఖాయపరిచే అధికారాన్ని సుప్రీం కోర్టు నుంచి రాష్ట్ర హైకోర్టులకు దించేశారు. శిక్ష వేసే చెయ్యీ, సరిచూసే చెయ్యీ ఒకటైపోయింది. మళ్లీ 2007 జనవరి 1న ఆ అధికారం మొత్తం బీజింగ్‌కి తిరిగొచ్చింది. తమాషా ఏమిటంటే చింగ్ చక్రవర్తుల కాలంలోనే శరదృతువులో ఖైదీల జాబితా చక్రవర్తి ముందుకు వచ్చేది, ఆయన ఎర్రసిరాతో గుర్తుపెట్టిన పేర్లకే శిక్ష. రాజులు పాటించిన జాగ్రత్తను వదిలేసింది ఇరవయ్యో శతాబ్దం.

మనవాళ్లు దీన్ని చైనా సంగతి అనుకుని ఊరుకోకూడదు. 2019 డిసెంబరులో ఆంధ్ర అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది, అత్యాచారం కేసుల్లో 21 పనిదినాల్లో తీర్పు, మరణశిక్ష అని. రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు కాబట్టి చట్టం కాలేదు. హుగ్‌జిల్త్‌కి 62 రోజులన్నా ఇచ్చారు.

మిర్చిబజ్జీ:
మాస్టారూ, మీరు చెప్పిన రెండూ చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. కానీ ఒక్క ప్రశ్న. అవి కొట్టి ఒప్పించిన కేసులు. లంచం కేసులో బ్యాంకు కాగితాలుంటాయి, బీరువాలో నోట్లుంటాయి. అక్కడ మనిషి తారుమారయ్యే ఛాన్స్ తక్కువ కదా. హత్యలకు వద్దు, వేల కోట్లు తిన్నవాళ్లకు ఉంచండి అంటే?

నల్లకోటు:
మంచి ప్రశ్నే. దోషి ఎవరో తేలికగానే తేలుతుంది. ఎవరి బీరువా తెరవాలో నిర్ణయించేది మాత్రం కమ్యూనిస్టు పార్టీ క్రమశిక్షణ సంఘం, కోర్టు కాదు. ఇక భయం సంగతి. జెంగ్ షియావోయు కేసులో లంచం సుమారు 65 లక్షల యువాన్లు. ఆయన పోయింది 2007లో. తరవాత లై, 179 కోట్లు. 2024లో ఇన్నర్ మంగోలియా అధికారి లి జియాన్‌పింగ్‌కి అమలు చేశారు, మొత్తం 300 కోట్లు దాటింది. భయం పెరిగితే అంకెలు ఇలా పెరగకూడదు. వాళ్ల ఆర్థిక వ్యవస్థ కూడా పెరిగిందనుకోండి, ఇది పక్కా రుజువని చెప్పను.

పక్కా రుజువు ఎవరూ ఇవ్వలేరు కూడా. ఏటా ఎంతమందికి అమలు చేస్తున్నారన్నది అక్కడ దేశ రహస్యం. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ అయితే 2009 నుంచి అంకె వేయడమే మానేసి "వేలల్లో" అంటోంది. దుయ్ హువా అనే సంస్థ అంచనా ప్రకారం 2002లో 12 వేలు, 2013 నాటికి 2,400. అంటే ఐదో వంతుకి పడిపోయింది. అదే కాలంలో హత్యలు పెరగలేదు, వాళ్ల అధికారిక లెక్కల్లోనే తగ్గాయి. శిక్షలు తగ్గితే నేరాలు పెరుగుతాయనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ఓరుగల్లు పోరగాడు:
రహస్యంగ చంపితే భయం ఎట్లయితది భాయ్? భయపెట్టుడే ఉద్దేశమైతే లెక్క బోర్డు మీద రాయాలె గద.

మిర్చిబజ్జీ:
ఇది మాత్రం పాయింటే. అయినా లై షియావోమిన్ విషయంలో నా మాట మార్చుకోను.

కృష్ణాతీరం:
అందరికీ థ్యాంక్స్. మా గ్రూపులో "ఆ తీర్పులో రెండేళ్ల వాయిదా ఉంది" అని పెట్టాను. గంట తరవాత మా బావగారి జవాబు: "అయితే రెండేళ్లయ్యాక వేస్తారుగా, ఆగుదాం." ఏం చెప్పమంటారు?

నల్లకోటు:
వెయ్యరని చెప్పండి. జైల్లో ఉంటూ మళ్లీ కావాలని పెద్ద నేరం చేస్తే తప్ప.